ఆ కుర్చీ ఎవరిది?

హైఫై ప్రపంచంలో ఓ మాట ఉంది, 'వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్' అని. మన భాషలో చెప్పుకోవాలంటే 'భార్య ఒప్పుకోలు మార్కులు'. ఒక స్పీకరు ఎంత బాగా పలుకుతుందన్నది వేరే సంగతి. దాన్ని హాల్లో పెట్టడానికి భార్య ఒప్పుకుంటుందా లేదా అన్నదానికి వేసే మార్కులన్నమాట. 1983లో స్టీరియోఫైల్ అనే అమెరికన్ పత్రికలో లారీ గ్రీన్‌హిల్ అనే సమీక్షకుడు ఈ మాట వాడాడు. నలభై ఏళ్ళు దాటినా అది చావలేదు. సరదాకన్న మాటే కదా, ఇంత పట్టింపెందుకు అంటారేమో. ఆ సరదాలోనే ఒక తీర్పు ఉంది. వినేవాడు మగవాడు. ఆడది చూస్తుంది. అదీ సినిమాని కాదు, స్పీకరుని - సోఫా రంగుకి నప్పిందా లేదా అని. అంటే ఆమెకి కళ్ళున్నాయి గానీ చెవుల్లేవు!

నా గొడవంతా ఆ చెవుల గురించే.

కీర్ కీట్లీ అనే పరిశోధకుడు 1996లో 'పాపులర్ మ్యూజిక్' జర్నల్లో ఒక వ్యాసం రాశాడు. 1948 - 59 మధ్య అమెరికాలో హైఫై సెట్టు ఎలా మగవాడి ఆయుధమైందో అందులో చూపిస్తాడు. ఇల్లు ఆడవాళ్ళ రాజ్యమైపోయిందని బాధపడే మగవాళ్ళు, గోడల్ని మార్చకుండానే సౌండుతో ఇల్లంతా ఆక్రమించుకున్నారట. 'తగ్గించండి' అని అరిచే భార్య ఆ కథలో విలన్. మన ఇళ్ళల్లో ఆ కథ ఇంకా నడుస్తోంది. ఆమె ఎందుకు తగ్గించమంటుందో ఎవరైనా అడిగారా? పాపాయి నిద్ర లేస్తే మళ్ళీ పడుకోబెట్టాల్సింది ఆమె. పక్క ఫ్లాటువాళ్ళు తలుపు కొడితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆమె. ఆ స్పీకర్ల మీద దుమ్ము తుడిచేదీ ఆమే. ఇంతా చేసి, సంగీతం తెలియని మనిషన్న పేరు కూడా ఆమెకే!

నిజంగా చెవుల్లేవా మనకి? ఇంటింటికీ టీవీ రాకముందు మా అమ్మ తరం ఆడవాళ్ళు సినిమా చూసినదానికంటే విన్నదే ఎక్కువ. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వస్తుంటే పప్పు ఎనుపుతూ, బియ్యం ఏరుతూ కథంతా చెవులతోనే చూసేవాళ్ళు. పాలు పొంగబోయే ముందు వచ్చే సన్నటి చప్పుడు, పక్క గదిలో పసిబిడ్డ ఊపిరిలో తేడా, ఎన్నో విజిలో లెక్క... గేటు తీసిన చప్పుడుని బట్టి తాగొచ్చాడో మామూలుగా వచ్చాడో తెలుసుకుని, దాన్ని బట్టి పిల్లల్ని లోపలికి పంపిన ఆడవాళ్ళు ఎంతమంది! చప్పుడు ఎటునుంచి వస్తోందో, ఎంత దూరంలో ఉందో మనకంటే తెలిసినవాళ్ళెవరు?

ఎరియర్స్ డబ్బు చేతికొచ్చినప్పుడు సరౌండ్ సౌండ్ సిస్టమ్ కొంటానన్నాను. స్టాఫ్‌రూమ్‌లో మొదటి మాట, 'అదేంటి మేడం, నాలుగు గాజులు చేయించుకోవచ్చుగా' అని. షోరూంలో ప్రశ్నలన్నీ నేను అడిగాను, జవాబులన్నీ నా వెంట వచ్చిన మా తమ్ముడి కొడుక్కి చెప్పారు. వాడు ఇంటర్ చదువుతున్నాడు, అదీ బైపీసీ. నాకు మాత్రం సౌండ్‌బార్ చూపించారు. 'లేడీస్‌కి ఇదే బెస్ట్ మేడం, వైర్లుండవు, తుడుచుకోవడం ఈజీ' అట! సౌండ్‌బార్ పనికిరానిదని కాదు. వెనక స్పీకర్లు లేని బార్లలో కొన్ని శబ్దాన్ని పక్కగోడలకి కొట్టి, అది తిరిగి రావడం మీద ఆధారపడతాయి. మా హాలుకి ఒకవైపు గోడే లేదు, డైనింగూ వంటగదీ అటే. ఆ మాట నేనంటే అతను వినలేదు. పిల్లాడు అంటే 'కరెక్టే సార్' అన్నాడు.

అట్టపెట్టె మీద వేలల్లో వాట్లు రాసుంటాయి. ఎక్కువసార్లు అది పీఎంపీఓ లెక్క, కన్నుమూసి తెరిచేలోపు పోయే గొప్ప. అడగాల్సింది ఆర్ఎంఎస్ ఎంత, ఎన్ని ఓమ్‌ల దగ్గర, అన్ని ఛానళ్ళూ ఒకేసారి పనిచేస్తుంటే ఎంత అని. నేనడిగాక ఆ అబ్బాయి మేనేజర్ని పిలిచాడు. మా హాలు 12 అడుగులకి 14. సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంటుంది. అలాంటిచోట 7.1కి అర్థం లేదు, ఆ అదనపు రెండు స్పీకర్లూ పెట్టడానికి వెనకాల చోటెక్కడ? 5.1 చాలు. ముందు ఎడమ, కుడి, మధ్యలో ఒకటి, పక్కలకి కాస్త వెనగ్గా రెండు. ఆ .1 గుడుగుడుమనే కింది శబ్దాల కోసం పెట్టే సబ్‌వూఫర్. 1992లో 'బాట్‌మాన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్ థియేటర్లకి తెచ్చిన పద్ధతే.

ఇక్కడే అసలు రాజకీయం ఉంది. ఆ 5 స్పీకర్లనీ ఎలా పెట్టాలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఒక ప్రమాణం ఇచ్చింది. ముందు రెండూ నడిమి గీతకి చెరోవైపు 30 డిగ్రీలు, పక్కవి రెండూ 100 నుంచి 120. ఆ డిగ్రీలన్నీ ఎక్కణ్ణుంచి కొలుస్తారు? వృత్తం మధ్యలో కూర్చున్న ఒక తలకాయ నుంచి. స్వీట్ స్పాట్ అని దాని ముద్దుపేరు. స్టూడియోలో అది ఇంజనీరు కుర్చీ. ఇంట్లో ఎవరి కుర్చీయో నేను చెప్పక్కర్లేదు. వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి సినిమా చూసే మనిషి ఆ వృత్తంలోనే లేదు. ఆమెకి అందేది కుడివైపు స్పీకరు మోతా, చిమ్నీ హోరూ.

మా అమ్మకి వినికిడి తగ్గింది. వయసుతో ముందు పోయేది పైస్థాయి శబ్దాలు. స, త, ప లాంటి హల్లుల స్పష్టత ఉండేది అక్కడే. అందుకే మాట వినపడుతుంది గానీ ఏ మాటో తెలీదు. వాల్యూమ్ పెంచితే బాంబులూ పెరుగుతాయి, అమ్మ మాత్రం 'ఏమన్నాడే?' అని అడుగుతూనే ఉంటుంది. 5.1లో మాటలు ఎక్కువభాగం మధ్య స్పీకర్లోంచే వస్తాయి. కాబట్టి నేను డబ్బు పెట్టింది దాని మీద, సబ్‌వూఫర్ మీద కాదు. దాన్ని షోకేసు గూట్లో దూర్చకుండా బయటికి తెచ్చి, చెవి వైపు కాస్త పైకెత్తి పెట్టాను. రిసీవర్లో సెంటర్ ఒక్కదాన్నీ 4 డెసిబెల్స్ పెంచాను, సబ్‌వూఫర్ని 3 తగ్గించాను. పెద్ద చప్పుళ్ళని అణిచి చిన్నవాటిని పైకి తెచ్చే నైట్ మోడ్ ఒకటుంటుంది, అది పగలు కూడా ఆన్‌లోనే ఉంటుంది మా ఇంట్లో.

వైర్లు బ్రహ్మవిద్యేం కాదు. కొన దగ్గర అర అంగుళం తోలు వలిచి, రిసీవర్లో ఎరుపు స్పీకర్లో ఎరుపుకి, నలుపు నలుపుకి. ఒక స్పీకరుకి తిరగబడిందా, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని కింది శబ్దం పల్చబడిపోతుంది. టీవీకి హెచ్‌డీఎంఐ తీగ ఏఆర్‌సీ అని రాసున్న రంధ్రంలోనే పెట్టాలి. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ సౌండు పీసీఎం మీద ఉంటే మామూలు ఏఆర్‌సీలో రెండు ఛానళ్ళే వెళ్తాయి, 5 స్పీకర్లు కొన్నది దండగ. దాన్ని బిట్‌స్ట్రీమ్ లేదా పాస్‌త్రూకి మార్చాలి. ఇంతే! గ్యాస్ రెగ్యులేటరు మార్చే చెయ్యి, ఇన్వర్టరులో డిస్టిల్డ్ వాటర్ పోసే చెయ్యి ఇది చేయలేదా? ఈసీఈ చదివిన కోడలు ఇంట్లో ఉండగా, టీవీ వెనక తీగ ఊడితే బీకాం చదివిన మరిది కోసం సాయంత్రం దాకా ఆగే ఇళ్ళు నాకు తెలుసు.

ఫ్యాను కట్టేసి, వంట ఆపేసి, రిసీవర్తో వచ్చిన మైకు చెవి ఎత్తున పెట్టి కొలతలు తీయించాలి. నా రిసీవరు మొదట పెట్టిన చోటునే అసలు చోటుగా తీసుకుని దూరాలు లెక్కేస్తుంది. మొదటిది వంటగది పక్కనున్న అమ్మ కుర్చీ దగ్గర పెట్టాను. రెండోది గుమ్మం దగ్గర. సోఫా మధ్యభాగం నాలుగోది.

మనవాళ్ళతోనూ నాకో పేచీ ఉంది. 'ఇదంతా వినిమయ సంస్కృతి, మగవాళ్ళ బొమ్మలు, మనకెందుకు?' అన్న మిత్రురాలు వర్జీనియా వూల్ఫ్ మీద పరిశోధన చేసిన మనిషి. తనదైన గది గురించి 1929 నుంచీ మాట్లాడుకుంటున్నాం. ఆ గదిలో ఏం వినపడాలో, ఎంత వినపడాలో నిర్ణయించే రిమోటు మాత్రం ఇంకొకరి చేతిలో ఉన్నా ఫర్వాలేదా? 'నాకవన్నీ తెలీవమ్మా, ఆయనే చూసుకుంటారు' అని సెమినార్లో అధికారం, జ్ఞానం గురించి గంటసేపు మాట్లాడిన నోటితోనే చెప్పడం విన్నాను. అందులో కాస్త గర్వం కూడా. యంత్రం గురించి తెలియకపోవడం సున్నితత్వమేమీ కాదు. మనకి తెలియకుండా ఉంచిన దాన్ని మనమే నగలా పెట్టుకోవడం అది. బొమ్మే అయితే మాత్రం ఏం? ఆడుకునే హక్కు కూడా అడుగుదాం.

మా తమ్ముడు వచ్చినప్పుడల్లా రిమోట్ అందుకుని సబ్‌వూఫర్ పెంచుతాడు, 'అసలు బేస్ లేదేంటక్కా' అంటూ. పెంచుకోనిస్తాను. సెంటర్ ప్లస్ 4, సబ్ మైనస్ 3 అని అమ్మ పంచాంగం చివరి పేజీలో రాసి పెట్టుకుంది. వాడు బస్సెక్కగానే కళ్ళజోడు పెట్టుకుని తనే సరిచేసుకుంటుంది.