ఇంట గెలవడం

ఇంట గెలిచి రచ్చ గెలవాలని మన పెద్దలు చెప్పారు. ఇంటివారి మన్నన పొందినవాడే నలుగురిలో నిలబడగలడని ఆ సామెత భావం. అయితే మన సమాజంలో కొందరి బ్రతుకులలో ఈ క్రమం తలక్రిందులవుతున్నది. వారు చదువులో గెలుస్తారు, ఉద్యోగంలో గెలుస్తారు, న్యాయస్థానంలోనూ గెలుస్తారు. తుదకు పుట్టిన ఇంటి గడప ముందు నిలిచి, లోపలికి రమ్మనే ఒక్క మాట కోసం ఎదురుచూస్తారు. ఆడపిల్లగా పెరిగి పురుషునిగా జీవిస్తున్న ట్రాన్స్ పురుషులు అటువంటివారు.

నంద్యాల నుండి ఎర్రగుంట్లకు పోయే రైలుమార్గంలో కోయిలకుంట్ల ఉన్నది. 2016లో ఆ మార్గం ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చింది. చుట్టూ నల్లరేగడి నేల, శనగ చేలు, జొన్న చేలు, సమీపంలో కుందూ నది. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఆంగ్లేయులు ఉరితీసిన ఊరు ఇదే. ఆ స్టేషనులో ఒక సాయంకాలం ఒక యువకుడు దిగాడని ఊహించుకొందాం. అతని చేతిలో ఒక సంచి, అందులో తల్లికి చీర, తండ్రికి పంచె ఉన్నాయి. ముఖాన గడ్డం వచ్చింది, గొంతు మారింది. ఐదారేండ్ల క్రిందట రెండు జడలతో, పరికిణీతో ఈ ఊరిని విడిచిన బిడ్డ ఇతడేనని ఎవరూ గుర్తుపట్టలేదు. టీ అంగడి దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన, "ఎవరింటికి నాయనా?" అని ఆదరంగానే అడిగాడు. యువకునికి సమాధానం తోచలేదు. తండ్రి పేరు చెప్పవచ్చును. కాని ఆ ఇంట కొడుకు లేడని ఊరందరికీ తెలుసు.

ఆ పెద్దాయన ప్రశ్నలో ద్వేషం లేదు. అయినా ఆ యువకుడు ఎదుర్కొనబోయే కష్టమంతా ఆ ప్రశ్నలో ఉన్నది. ఇల్లు అతనిని చూచి భయపడడం కన్న, అతనిని గూర్చి ఊరికి ఏమి చెప్పవలెనో తెలియక భయపడడమే ఎక్కువ. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇదే.

ముందుగా ట్రాన్స్ పురుషుడంటే ఎవరో స్పష్టంగా తెలుసుకోవాలి. పుట్టినప్పుడు దేహాన్ని చూచి ఆడపిల్ల అని నిర్ణయించిన బిడ్డ, ఎదిగే వయస్సులో తనను పురుషునిగా గుర్తించి, పురుషునిగా జీవిస్తే అతనిని ట్రాన్స్ పురుషుడు అంటారు. ఇది వేషం కాదు, రోగమూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఈ స్థితిని మానసిక వ్యాధుల జాబితా నుండి తొలగించింది. కొందరు వైద్యుల సహాయంతో హార్మోన్లు తీసుకొంటారు, కొందరు శస్త్రచికిత్స చేయించుకొంటారు, కొందరు ఏదీ చేయించుకోరు.

మన దేశంలో ట్రాన్స్‌జెండర్లు అనగానే హిజ్రాలే అందరి మనస్సులోనూ మెదలుతారు. పెండ్లిండ్లలో, రైళ్ళలో, కూడళ్ళలో వారు కనబడతారు గనుక వారిని లోకం ఎరుగును. ట్రాన్స్ పురుషులు కనబడరు. 2011 జనాభా లెక్కలలో మొదటిసారిగా స్త్రీ, పురుషులు కాక 'ఇతరులు' అనే విభాగాన్ని చేర్చారు. దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది ఆ విభాగంలో నమోదైనారు. వీరిలో ట్రాన్స్ పురుషులు ఎందరో ఆ లెక్క చెప్పదు. ఇల్లే దాచిపెట్టిన బిడ్డ లెక్కల్లోకి ఎట్లా వస్తాడు?

దాచిపెట్టడానికి కారణం మన పెంపకంలోనే ఉన్నది. మగబిడ్డగా పుట్టి ఆడతనాన్ని కోరుకొన్నవారిని ఇల్లు వెళ్ళగొడితే, హిజ్రాల సమూహం ఆశ్రయమిస్తుంది. అక్కడ గురువు ఉంటాడు, తోడు ఉంటుంది. ఆ బ్రతుకు సుఖమైనది కాకపోవచ్చు, అయినా తలదాచుకొనే చోటు దొరుకుతుంది. ఆడపిల్లగా పెరిగినవారికి అటువంటి పరంపరాగతమైన ఆశ్రయం లేదు. పైగా ఆడపిల్ల ఒంటరిగా ఊరు దాటడమే కష్టం. జుట్టు కత్తిరించుకొంటే నిందిస్తారు, ప్యాంటు వేసుకొంటే ఆక్షేపిస్తారు, తుదకు పెండ్లి చేస్తే అన్నీ కుదురుకొంటాయని సంబంధం చూస్తారు. అందువల్ల చాలామంది ట్రాన్స్ పురుషులకు ఇల్లు విడవడం గాని, మనస్సును చంపుకొని ఇంటనే ఉండిపోవడం గాని తప్ప మూడవ దారి కనబడదు.

ఈ కథ మనకు క్రొత్తది కాదు. మహాభారతం ఉద్యోగపర్వంలోని అంబోపాఖ్యానాన్ని చూడండి. ద్రుపదునికి కూతురు పుట్టింది. ఆయన, రాణి కలిసి ఆ బిడ్డను కొడుకని లోకానికి ప్రకటించి, శిఖండి అని పేరు పెట్టి, ద్రోణుని వద్ద విలువిద్య నేర్పించారు. దశార్ణ దేశాధిపతి హిరణ్యవర్మ కూతురితో వివాహం కూడా చేశారు. ఆ ఇంటిలో అంతవరకు ఏ కలతా లేదు. నిజం తెలిసిన హిరణ్యవర్మ యుద్ధానికి వస్తానని దూతను పంపినప్పుడే ద్రుపదుని ఇల్లు కంపించింది. తన వల్లనే తల్లిదండ్రులకు ఈ దుఃఖం కలిగిందని శిఖండి ప్రాణం విడవడానికి అడవికి పోయాడు. అక్కడ స్థూణాకర్ణుడనే యక్షుడు జాలిపడి తన పురుషత్వాన్ని ఇచ్చాడు. శిఖండి ఇంటికి తిరిగి వచ్చాడు, ద్రుపదుడు ఆనందించాడు.

ఈ కథలో తల్లిదండ్రులకు ప్రేమ లేదని ఎవరూ అనలేరు. వారికి లేనిది, బయటివాడు నిలదీసినప్పుడు బిడ్డ పక్షాన నిలిచే ధైర్యం. ఆ ధైర్యాన్ని ఇల్లు చూపలేకపోయినందుకే బిడ్డ అడవిని వెదుక్కొన్నాడు. శిఖండికి యక్షుడు దొరికాడు. దొరకని వారి గతి ఏమిటి? విచారించవలసిన మరొక సంగతి ఉన్నది. అంతటి బాధను దాటి ఇల్లు చేరిన వీరుని పేరును మనం తెలుగులో తిట్టుగా మార్చుకొన్నాము. బడిలో, వీధిలో ఆ మాట విసిరేవారు ఆ కథను ఒక్కసారి చదివితే నోరు మెదపలేరు.

ఇక రచ్చలో లభించిన గెలుపును చూద్దాం. జాతీయ న్యాయసేవల సంస్థ వేసిన వ్యాజ్యంలో 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీ ఆ తీర్పులో ట్రాన్స్‌జెండర్లను రాజ్యాంగం ఇచ్చిన హక్కులన్నిటికీ అర్హులైన పౌరులుగా గుర్తించారు. 2019లో పార్లమెంటు చేసిన చట్టంలోని 12వ విభాగం నేరుగా ఇంటిని గూర్చి మాట్లాడింది. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో, న్యాయస్థానం ఆదేశిస్తే తప్ప, బిడ్డను తల్లిదండ్రుల నుండి వేరుచేయరాదని, కుటుంబం నివసించే ఇంటిలో ఉండే హక్కు అతనికి కలదని, ఆ ఇంటి వసతులను వివక్ష లేకుండా అనుభవించనీయాలని ఆ విభాగం చెప్పింది. హిజ్రాలను నేరస్థులుగా చూచిన 1919 నాటి నిజాం కాలపు చట్టాన్ని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. 2024 డిసెంబరులో హైదరాబాదులో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ సహాయకులుగా విధులలో చేరారు.

ఇవన్నీ గొప్ప విజయాలే. అయితే చట్టం ఇంటిలో గది ఇప్పించగలదు. పీట వేసి అన్నం వడ్డించే చేతిని ఇప్పించలేదు. కేరళకు చెందిన ఆడమ్ హారీ అనుభవం ఇందుకు నిదర్శనం. అతడు దక్షిణాఫ్రికాలో శిక్షణ పొంది విమానచోదకుని లైసెన్సు సంపాదించాడు. తాను పురుషుడనన్న సంగతి తెలిసిన తరువాత ఇంటివారు తనను స్వదేశానికి రప్పించి ఇంటిలో నిర్బంధించారని అతడు పత్రికలకు చెప్పాడు. ఇల్లు విడిచిపోయి ఎన్నో ఇక్కట్లు పడిన అతనికి, వాణిజ్య విమానచోదక శిక్షణ కోసం కేరళ ప్రభుత్వం ఆర్థిక సహాయం ప్రకటించింది. ఆకాశం రమ్మన్న బిడ్డను ఇల్లు రానీయలేదు.

అట్లని తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. వారి దుఃఖం నిజమైనది. ఇరవై యేండ్లు ఒక పేరుతో పిలిచి, ఆ పేరుతో పూజలు చేయించి, ఆ పేరుతో భవిష్యత్తును ఊహించుకొన్న తల్లి ఒక్కరోజులో ఆ పేరును మరచిపోలేదు. చెల్లెలికి సంబంధం వస్తుందా అని తండ్రి దిగులుపడతాడు. తమ పెంపకంలో లోపమేమో అని తమను తాము నిందించుకొంటారు. మందో, మంత్రమో, కౌన్సెలింగో బిడ్డను మునుపటివలె మార్చగలదని ఎవరో చెబితే నమ్ముతారు. ఆ ఆశతోనే బిడ్డను మరింత నొప్పిస్తారు. అటువంటి 'మార్పిడి చికిత్స' చేయడం వైద్యవృత్తికి విరుద్ధమైన దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పేవారు కావాలి. వారిని తిట్టేవారి కన్న వారితో కూర్చుని మాట్లాడేవారు కావాలి.

తెలియకపోవడం నేరం కాదు. తెలుసుకోవడానికి నిరాకరించడమే తప్పు. ఈ విషయంలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ మనకు మార్గదర్శకులు. 2021లో, పరస్పరం ప్రేమించుకొని ఇండ్లు విడిచి వచ్చిన ఇద్దరు యువతులు రక్షణ కోరుతూ ఆయన న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. అది ట్రాన్స్ పురుషుల వ్యాజ్యం కాదు. కాని ఇంటికీ బిడ్డకూ నడుమ ఏర్పడిన అగాధం అటువంటిదే. ఆయన ఆ యువతులను, వారి తల్లిదండ్రులను మనస్తత్వ నిపుణురాలి వద్దకు పంపారు. తల్లిదండ్రుల ఆవేదనలో పెద్దపాలు లోకం వేసే నిందను గూర్చినదేనని అక్కడ బయటపడింది. అంతటితో ఆగక, ఈ విషయంలో తనకే సరైన అవగాహన లేదని ఆయన బహిరంగంగా ఒప్పుకొన్నారు. తానే ఆ నిపుణురాలి వద్ద విద్యార్థివలె కూర్చుని నేర్చుకొన్న తరువాతనే జూన్ 7న ఉత్తర్వులు ఇచ్చారు. హైకోర్టు న్యాయమూర్తి కూర్చోగలిగిన ఆ పీట మీద కోయిలకుంట్లలోని ఒక తండ్రి కూర్చోలేడా? మేనమామ కూర్చోలేడా?

ఇక్కడ మన భాషను గూర్చి ఒక మాట చెప్పాలి. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో పురుషులను చెప్పే పదాలను మహద్వాచకాలన్నారని మీరు చదువుకొన్నారు. ఏకవచనంలో పురుషుడైతే 'వచ్చాడు' అంటాము, స్త్రీ అయితే 'వచ్చింది' అంటాము. అందువల్ల ఇంటికి వచ్చిన ఈ బిడ్డను గూర్చి పొరుగింటికి చెప్పవలసివచ్చినప్పుడు తల్లి నాలుక తడబడుతుంది. 'వచ్చాడు' అంటే ఊరు నవ్వుతుంది, 'వచ్చింది' అంటే బిడ్డ కుమిలిపోతాడు. అయితే ఒక వింత గమనించండి. బిడ్డను ఎదుట నిలుపుకొని మాట్లాడినప్పుడు ఈ చిక్కు లేనే లేదు. 'ఎప్పుడు వచ్చావు?', 'అన్నం తిన్నావా?', 'ఎందుకింత చిక్కిపోయావు?' అన్న క్రియలలో ఆడ, మగ భేదం లేదు. 'ఏమే', 'ఏమ్రా' అన్న పిలుపులో తేడా ఉన్నమాట నిజమే. కాని ఆ పిలుపు లేకుండానే తల్లి కడుపార మాట్లాడవచ్చును. ఎదుట ఉన్నవానితో మాట్లాడేటప్పుడు లింగాన్ని అడగని మన భాష, ఎదుట లేనివానిని గూర్చి నలుగురికి చెప్పేటప్పుడే అడుగుతున్నది. మన ఇండ్లలో జరుగుతున్నదీ అదే.

కనుక ఇంటివారు ముందు బిడ్డతో మాట్లాడాలి. పొరుగుకు ఏమి చెప్పాలన్న ప్రశ్నను ఆ తరువాతకు ఉంచాలి. తిన్నావా అని అడగడానికి అంగీకారం పూర్తి కావలసిన పనిలేదు. అలవాటు వల్ల పాత పేరు నోట వస్తే దిద్దుకొని క్రొత్త పేరుతో పిలవాలి. పదిసార్లు తప్పిన నాలుక పదకొండవసారి దిద్దుకొంటుంది. బిడ్డ కూడా ఆ తడబాటును కొంతకాలం ఓర్చుకొనగలడు. మౌనాన్నీ, మూసిన తలుపునూ ఓర్చుకొనలేడు. ఊరివారిగా మనం చేయవలసినది మరీ చిన్నది. ఆ ఇంటివారిని గుచ్చి గుచ్చి అడగకుండా ఉండడం, చెప్పినదానిని నవ్వకుండా వినడం. లోకులు పలుగాకులని నిందించే మనమే ఆ లోకులలో ఒకరమని మరువరాదు.

ఏలుబడిలో ఉన్నవారికి ఎదురు నిలిచిన నరసింహారెడ్డిని కోయిలకుంట్ల సీమ వీరునిగా తలచుకొంటున్నది. ఊరి మాటకు ఎదురు నిలిచి బిడ్డ చేయి పట్టుకోవడానికి కూడా గుండె ధైర్యం కావాలి. దానిని గూర్చి ఎవరూ పాట కట్టరు. అయినా మనం ఊహించిన ఆ సాయంకాలం, టీ అంగడి దగ్గరి పెద్దాయన ప్రశ్నకు ఆ యువకుడు బదులు చెప్పలేక నిలిచినప్పుడు, వెనుక నుండి వచ్చిన తండ్రి సంచి అందుకొని, "మా ఇంటికేనప్పా, మావాడే" అనగలిగితే చాలును. ఆ మాటతో బిడ్డ ఇంట గెలుస్తాడు, ఇల్లు కూడా గెలుస్తుంది.