స్వయం సహాయం అంటే ఒంటరిగా చేయమని కాదు



పోయిన భాగంలో గుండె దడ, గాబరా, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం గురించి, డాక్టర్లు యాంగ్జైటీ అని పిలిచే దాని గురించి రాసినాక చానా మెసేజ్‌లు వచ్చాయి. అందులో మళ్లీ మళ్లీ కనబడింది ఒకటే మాట. "అన్నా, ఫోన్లో కోర్సు మొదలుపెట్టినా. మూడో పాఠం దాకా చేసినా. ఆపేసినా. నాకు పట్టుదల లేదన్నా."

ఆ చివరి వాక్యం మీదనే ఈ భాగం.

బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలో ఎండాకాలం పొద్దస్తమానం నిలబడి రాయికి పాలిష్ పట్టే మనిషికి పట్టుదల లేదా? ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివి, డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు పుస్తకాలు ముందరేసుకొని కూర్చున్న పిల్లకు పట్టుదల లేదా? పట్టుదల లేనోళ్లయితే మన పేటల్లో ఒక్క ఇల్లు కూడా ఇంత దూరం వచ్చేది కాదు. కాబట్టి లోపం ఇంకెక్కడో ఉంది. నా లెక్కలో అది మనిషిలో లేదు, ఆ పని ఇచ్చిన తీరులో ఉంది.

ముందు ఈ కోర్సుల్లో ఏముంటుందో చెప్తా, తెలియనివాళ్ల కోసం. మామూలుగా ఐదు నుంచి ఎనిమిది పాఠాలుంటాయి. మొదట ఏడు ప్రశ్నలు అడుగుతారు. గాబరా ఎన్ని రోజులు పడినావు, ఆలోచన ఆపుకోలేకపోతున్నావా, ఏదో ఘోరం జరుగుతుందని భయమేస్తోందా, ఇట్లాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 21. పది దాటితే పట్టించుకోవాల్సిందే. తర్వాత ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం, వచ్చిన ఆలోచనను కాగితం మీద పెట్టి దానికి ఆధారమేందో రాయడం. ఆ తర్వాత అసలు పని: ఏ చోటికి పోవాలంటే భయమో ఆ చోటికి మెట్టు మెట్టుగా పోవడం.

జనం ఆగిపోయేది సరిగ్గా ఆ మెట్ల దగ్గరే. ఎందుకో చూడండి. బస్టాండుకు పోవాలంటే దడ వస్తుంది. పోకుండా ఇంట్లో ఉంటే దడ తగ్గుతుంది. తగ్గినప్పుడు హాయిగా ఉంటుంది. ఆ హాయి ఒంటికి ఒక పాఠం నేర్పుతుంది: పోకపోతేనే క్షేమం అని. మరుసటి వారం భయం ఇంకో అడుగు ముందుకొస్తుంది. ఈ పాఠాలు దాన్ని తిరగేస్తాయి కాబట్టి, చేసే మొదటి రోజుల్లో దడ తగ్గదు, పెరుగుతుంది. ఇది ఎవరూ ముందే చెప్పకపోతే మనిషి ఏమనుకుంటాడు? "ఇది నాకు పడలేదు" అనుకుని ఫోన్ పక్కన పెడతాడు. పెట్టినాక హాయిగా ఉంటుంది. అంటే పాఠం ఎగ్గొట్టడం కూడా బస్టాండు ఎగ్గొట్టడం లాంటిదే, జబ్బు చేసే పనే. ఉత్సాహం వచ్చినాక మొదలుపెడదాం అని కూర్చుంటే ఆ రోజు రాదు. పని కొంచెం జరిగినాకనే ఉత్సాహం దాని వెనకాల వస్తుంది.

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. రెండు వారాలు చేసినాక నిద్ర పడుతుంది, ఇంక అక్కర్లేదని ఆపేస్తారు. ఇది మనకు కొత్త కాదు. టీబీ మాత్రలు గుర్తు చేసుకోండి. ఆరు నెలలు మింగాలి. రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, ఒళ్లు చేస్తుంది, మాత్రలు గూట్లో పడతాయి. తర్వాత జబ్బు మొండిదై తిరిగొస్తుంది. ప్రభుత్వం ఏం చేసింది? "రోగికి పట్టుదల లేదు" అని తిట్టి ఊరుకుందా? 1997 నుంచి డాట్స్ అని పెట్టి, ఎదురుగా ఒక మనిషి ఉండి మాత్ర మింగించే ఏర్పాటు చేసింది. ఆ మనిషి డాక్టరే కానక్కర్లేదు, అంగన్వాడీ టీచరో, ఆశా కార్యకర్తో, పక్కింటాయనో. మాత్ర అదే మాత్ర. మారింది ఒకటే, అడిగే మనిషి ఒకరు వచ్చారు.

ఈ కోర్సుల సంగతీ అంతే. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ వాళ్లు 2001లో మూడ్‌జిమ్ అని ఐదు పాఠాల కోర్సు ఇంటర్నెట్లో పెట్టారు. ఈ రకం వాటిలో పాతది, పేరున్నది. ఎవరైనా చేరొచ్చని తెరిచిపెడితే బోలెడంతమంది చేరారు, ఆఖరి పాఠం దాకా వచ్చినవాళ్లు మాత్రం చాలా కొద్దిమంది. వాళ్లంతా ఇంగ్లీషు వచ్చినవాళ్లు, చాలామందికి సొంత గది, సొంత కంప్యూటర్ ఉన్నవాళ్లే అయ్యుంటారు, అయినా ఆగిపోయారు. అదే కోర్సును 2004లో అచ్చైన ఒక పరిశోధనలో వాడినప్పుడు వారానికోసారి ఒక మామూలు మనిషి ఫోన్ చేసి ఈ వారం ఏం చేయాలో చెప్పేవారు. వాళ్లు ఎక్కువ పాఠాలు చేశారు. ఆ తర్వాత జరిగిన పరిశోధనలు కూడా చాలావరకు ఇదే చెప్తున్నాయి: వెనకాల ఒక మనిషి ఉంటే జనం ఎక్కువ దూరం పోతారు.

అసలు సెల్ఫ్ హెల్ప్ అనే మాటే చూడండి. అమెరికా పుస్తకాల్లో దాని అర్థం, నీ బాగు నువ్వే చూసుకో. మన దగ్గర? స్వయం సహాయక సంఘం. ఏ అక్కనైనా అడగండి, పది పదిహేను మంది ఆడవాళ్లు, ఒక తీర్మానాల పుస్తకం, మీటింగుకు రాకపోతే ఇంటికొచ్చి పిలిచే లీడరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చుని సారా దుకాణం మూయించారు. సారా పోరాటం తర్వాత ఆ జిల్లాలోనే రోజుకు రూపాయి పొదుపు మొదలైంది. రోజుకు రూపాయి దాచడానికి ఎవరికైనా సంఘమెందుకు? ఇంట్లో డబ్బాలో వేసుకోవచ్చు కదా! వేసుకున్నవాళ్లకు తెలుసు ఆ డబ్బా ఎన్నాళ్లు నిండుగా ఉంటుందో. ఒక్కరే చేస్తే ఆగిపోయే పనిని పదిమంది కలిసి ఆగకుండా చేయడం మన ఆడవాళ్లకు ముప్పై ఏళ్ల నుంచి వచ్చిన విద్య. భయం దగ్గరికొచ్చేసరికి మాత్రం "నీ ఫోను, నీ యాప్, నీ పట్టుదల" అంటే ఒప్పుకోవద్దు.

జింబాబ్వేలో ఈ పని చేసి చూపించారు. 2006లో హరారే నగరంలో డిక్సన్ చిబాండా అనే డాక్టర్ బస్తీల్లోని అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి బయట చెక్క బల్ల మీద కూర్చోబెట్టాడు. మనేద పట్టినవాళ్లు వచ్చి ఆరుసార్లు ఆ అవ్వతో మాట్లాడతారు. తర్వాత వాళ్లంతా ఒక గుంపుగా కలిసి సంచులు అల్లుకుంటూ కూర్చుంటారు. వాళ్ల షోనా భాషలో ఈ జబ్బుకు పేరు "ఎక్కువ ఆలోచించడం". మనం అనే మాటే కదా, "ఆలోచనలు ఎక్కువైనాయి" అని! మన రాష్ట్రంలోనే పశ్చిమ గోదావరిలో పదేళ్ల కిందట జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు స్మార్ట్ మెంటల్ హెల్త్ అని ఒక ప్రాజెక్టు చేశారు. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకొని ఇంటింటికీ పోయి గాబరా, దిగులు ఉన్నవాళ్లను గుర్తించారు, పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపారు, పోయారా లేదా అని మళ్లీ ఇంటికొచ్చి అడిగారు. (ఆశా అక్కల మీద ఇప్పటికే ఎంత పని ఉందో, ఎంత ఇస్తున్నారో, ఆ సంగతి వేరే రాయాలి.)

ఇక మనవాళ్లు ఆగిపోవడానికి ఇంకో కారణం ఉంది. ఏ కోర్సులోనూ దాని గురించి ఉండదు.

పాఠం అడుగుతుంది: "నీ భయానికి ఆధారమేమి? రాయి." ఇంగ్లీషు కోర్సులో ఉదాహరణ, ఆఫీసు మీటింగులో అందరూ నన్ను చూసి నవ్వుతారేమో అని. ఆధారం లేదు, కాబట్టి భయం తగ్గుతుంది. మన తమ్ముడు ఏం రాస్తాడు? అద్దె గది కోసం పోతే మీరేమిట్లని అడిగినారు, చెప్పినాక గది లేదన్నారు. ఆధారం ఉంది. అట్రాసిటీ కేసులో సాక్షిగా ఉన్న అక్క ఏం రాస్తుంది? కోర్టుకు పోయే దారిలో వాళ్ల మనుషులు నిలబడి చూస్తున్నారు. ఆధారం ఉంది. అప్పుడు అనిపిస్తుంది, ఈ పాఠం నాకోసం రాసింది కాదు అని. నిజమే, రాసింది కాదు. కానీ దాన్ని పారేయకుండా మనం తిప్పి రాసుకోవచ్చు. కాగితానికి నడుమ గీత గీయండి. ఒక పక్క, నిజంగా ఆధారమున్న భయాలు. అవి ఊపిరి పీల్చుకుంటే పోయేవి కావు, అవి సంఘానికి, వకీలుకు, పోలీసు స్టేషన్లో రాతపూర్వక ఫిర్యాదుకు పోవాలి. 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న సవరణతో అట్రాసిటీ చట్టంలో 15ఏ సెక్షన్ వచ్చింది, సాక్షులకు రక్షణ హక్కు ఉంది. రెండో పక్క, ఆ నిజమైన భయం నుంచి పుట్టి ఎక్కడెక్కడికో పాకిన కొమ్మలు. వాళ్లు లేని బజారుకు కూడా పోలేకపోవడం, తెలియని నంబరు మోగితే చెమటలు పట్టడం, పిల్లవాడు బడి నుంచి ఐదు నిమిషాలు ఆలస్యమైతే కాళ్లు ఆడకపోవడం. మెట్లెక్కే పాఠం ఈ రెండో పక్కకు. రెండూ కలిపేస్తే, నిజమైన ప్రమాదాన్ని భ్రమ అంటాం, లేదా భ్రమకు లొంగి ఇంట్లో కూర్చుంటాం.

మన ఉద్యమంలోనే కొందరు మిత్రులకు ఇదంతా నచ్చదు. కులం పోతే ఈ జబ్బులు పోతాయి, మనిషిని సరిచేయడం కాదు సమాజాన్ని సరిచేయాలి అంటారు. వాళ్ల అనుమానం నాకు అర్థమవుతుంది. రోహిత్ వేముల పోయినప్పటి నుంచి మన వైపు "మానసిక సమస్య" అనే మాటంటేనే జంకు, కులాన్ని తుడిచేయడానికి ఆ మాట వాడతారని. కానీ ఆ అక్క వాయిదా వచ్చే నెలలో ఉంది. కుల నిర్మూలన అప్పటికి అవుతుందా? ఆమె బస్సెక్కలేకపోతే కేసు కొట్టేస్తారు, వాళ్లు దండలేసుకొని ఊరేగుతారు. ఆమె దడను తగ్గించడం ఉద్యమం పని కాదంటే నేను ఒప్పుకోను.

ఎట్లా చేయాలి అంటారా. జతగా చేయండి. ఇద్దరు చాలు, నలుగురైతే మేలు. ఆదివారం గుడి విడిచినాకనో, శుక్రవారం కూటం ముందో, సంఘం మీటింగు చివర అరగంటో, ఒక రోజు ఖాయం చేసుకోండి. అడగాల్సింది "ఎట్లా ఉన్నావు" అని కాదు, "ఈ వారం ఏ మెట్టు ఎక్కినావు" అని. ఇంట్లో గది లేదు, ఒక్క ఫోను నలుగురు చూస్తారు అనేవాళ్లు పాఠాన్ని జిరాక్స్ తీయించుకోండి. కాగితానికి రీఛార్జ్ అక్కర్లేదు. ఇంగ్లీషు వచ్చిన తమ్ముడు ఒకడు మన మాటల్లో చెప్పినా సరిపోతుంది. రోజూ ఒక పేజీ, అంతే. ఒక వారం తప్పితే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టొద్దు, ఆగిన చోటి నుంచే పోండి. మొదటి పాఠం పదిసార్లు చేసినవాళ్లు నాకు చానామంది తెలుసు. ఏడు ప్రశ్నల మార్కులు రెండు వారాలకోసారి వేసుకొని రాసిపెట్టుకోండి. 17 నుంచి 13కు వచ్చినా మనసు "ఏమీ మారలేదు" అనే చెప్తుంది, కాగితం అబద్ధం చెప్పదు. మెట్లు మొదలైన వారం దడ పెరుగుతుందని జతగాళ్లు ముందే ఒకరికొకరు చెప్పుకోండి. ఆ వారం మాత్రం రోజూ ఫోన్ చేసుకోండి.

ఒక జాగ్రత్త. దడ అన్నదంతా యాంగ్జైటీ కాదు. ఆడపిల్లల్లో రక్తం తక్కువైనా దడే, థైరాయిడ్ అయినా దడే. రాతి దుమ్ములో ఏళ్లు పనిచేసినవాళ్లకు ఆయాసం వస్తే ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించండి, సిలికోసిస్‌ను, టీబీని మనసు మీదికి నెట్టొద్దు. ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటే ఆ పూటకు ధైర్యంగా ఉంటుంది, డబ్బులు పోతాయి, అంతే. చచ్చిపోవాలనే ఆలోచన వస్తున్నా, వారాల తరబడి నిద్ర లేకున్నా, మందు తాగితే తప్ప పొద్దు గడవకున్నా అది కోర్సుతో అయ్యే పని కాదు. 14416 కు ఫోన్ చేయండి. టెలీ మానస్, 2022 అక్టోబరు నుంచి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి పగలు ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడిని అడగండి. ఫోన్ చేసేటప్పుడు కూడా జతగాడిని పక్కన కూర్చోబెట్టుకోండి.

బేతంచెర్ల, డోన్, బనగానపల్లె వైపు జత కావాలనుకునేవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, పేర్లు బయట రాయను. ఆడవాళ్లకు ఆడవాళ్లనే కలుపుతా. వచ్చే భాగంలో 15ఏ కింద సాక్షులు దారి ఖర్చులు, రక్షణ ఎట్లా అడగాలో, దరఖాస్తులో ఏం రాయాలో వివరంగా పెడతా.

జై భీమ్.