పసిపిల్లలతో సముద్రతీరవాసము

పరీక్షలు ముగిసి పాఠశాలకు సెలవులు రాగానే, ఎచ్చటికైన పోవుదమని పిల్లలు తలిదండ్రులను వేధించుట సహజము. పెనుగొండవారికి సముద్రము దూరము గాదు. మార్టేరు, పాలకొల్లు మీదుగా నరసాపురము చేరి, అచ్చటనుండి మొగల్తూరు దారిని పేరుపాలెమునకు పోవచ్చును. లేదా సఖినేటిపల్లి రేవు దాటి అంతర్వేదికి పోవచ్చును. ఉదయమున బయలుదేఱి చీకటిపడులోపల ఇల్లు చేరువారు పలువురు. తీరగ్రామములలో స్నేహితులు కలవారు రెండు మూడు దినములు వారి యింట నిలిచి వత్తురు. ఈ రెండవ పద్ధతినిగూర్చియే మేమిచ్చట వ్రాయదలచితిమి. ఇది మిక్కిలి మంచి పద్ధతి యని మా యభిప్రాయము. అయితే దీనిని మన ప్రాంతమున నడపుచున్న తీరులో నొక లోపము కలదనియు, ఆ లోపము పసిబిడ్డల ప్రాణమునకే ముప్పు తేగలదనియు మా నమ్మకము.

ముందుగా మేలును చెప్పుదము. ఒక్కపూట యాత్రలో బిడ్డ అలలను మాత్రమే చూచును. రెండు మూడు దినములు నిలిచిన బిడ్డ సముద్రపు నడకను చూచును. ఉదయమున తాను పిచ్చుకగూడు కట్టిన యిసుక మధ్యాహ్నమునకు నీటిక్రింద మునుగుటయు, మఱల కొన్ని గంటలకు బయటపడుటయు కన్నులార చూచి, దినమునకు రెండుమారులు పోటును రెండుమారులు ఆటును కలుగునని పుస్తకము తెఱవకయే నేర్చుకొనును. పోటు నేడు వచ్చిన వేళకే రేపు రాదు; సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. పున్నమకును అమావాస్యకును హెచ్చుగా పొంగును. చంద్రునికిని నీటికిని గల యీ సంబంధమును తరగతిలో నల్లబల్లమీద గీచి చెప్పుటకంటె, ఒడ్డున ఇసుకలో పుల్ల గ్రుచ్చి చూపుట సులభము.

మఱియొక మేలు కలదు. మన బిడ్డలు కాలువ గట్టున పుట్టి పెరిగినవారు. ధవళేశ్వరముకడ సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆనకట్టవలననే ఈ కాలువలు మన చేలకు నీరు తేనారంభించినవి. ఆనకట్ట దాటిన నీరు గౌతమిగను వసిష్ఠగను చీలి సముద్రమునకు పోవును. వసిష్ఠ నరసాపురము ప్రక్కగా సాగి, అంతర్వేదికడ సముద్రమున గలియును. ఆ సంగమస్థలమును అచ్చటివారు అన్నాచెల్లెళ్ల గట్టు అందురు. తన వీధి కాలువకు తల్లియైన నది చివరకు ఎచ్చట చేరునో చూచిన బిడ్డకు భూగోళశాస్త్రము పరాయిది గాదు.

ఇక లోపమేదన, అది మన మర్యాదనుండియే పుట్టుచున్నది. గోదావరి సీమవారి ఆతిథ్యము పేరుపడినది. అతిథులు వచ్చిరన్న యెడల చేపల పులుసు, రొయ్యల వేపుడు, పీతల కూర, గారెలు, బూరెలు ఒకటి తరువాత నొకటి విస్తరిలోనికి రావలసినదే. ఆ యింటి యిల్లాలు కోడి కూయకముందే పొయ్యి వెలిగించి, దీపములు పెట్టినవెనుకగాని నడుము వాల్చదు. సముద్రపు హోరు ఆమె చెవిని బడుచునే యుండును. కన్ను మాత్రము పొయ్యిమీదనే యుండును. నీటి కష్టము వేఱు. తీరగ్రామములలో బావినీరు తఱచుగా ఉప్పన. కాలువ నీటితో నింపిన చెఱువే వారికి ఆధారము. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు ఆ చెఱువు నీటినే పొదుపుగా వాడుకొందురు. త్రాగుటకు డబ్బాల నీరు కొనువారును కలరు. సముద్రస్నానము చేసిన ప్రతివాడును మఱల మంచినీట ఒడలు కడుగుకొనవలయును గదా. పదిమంది అతిథులు దినమునకు రెండుమారులు సముద్రములో దిగినయెడల ఆ యింటి నీటితొట్టి గతియేమో అతిథులు తలంపరు.

ఇది మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే యైనచో మేమింతగా వ్రాసియుండము. చూడుడు: యింటి యిల్లాలు వంటలో మునిగియుండగా, అతిథులైన స్త్రీలు ఊరక కూర్చుండుటకు మనసొప్పక, "వదినగారూ, ఆ చేపలిటు తెండు, మేము కడిగెదము" అని లోనికే పోవుదురు. పురుషులు సరుగుడు చెట్లనీడను కూర్చుండి ధాన్యపు ధరలను గూర్చియు పిల్లల చదువులను గూర్చియు మాటలాడుచుందురు. పిల్లలు మాత్రము ఒడ్డున నుందురు. వారిని ఎవరు చూచుచున్నారని యడిగిన, అందఱును చూచుచున్నారనియే యుత్తరము. తండ్రి పెదతండ్రి యున్నాడనుకొనును. పెదతండ్రి అన్నకొడుకు పెద్దవాడే యనుకొనును. ఆ పెద్దవానికి పదునాలుగేండ్లు. పదిమందిలో పాము చావదని మన పెద్దలన్న సామెత యిట్టిచోటనే నిజమగును. విందు ఎంత పెద్దదైన, ఒడ్డున కనిపెట్టియుండు కన్నులు అంత తక్కువ. మర్యాద భారమును, బిడ్డల యపాయమును ఒక్క వేరునుండియే పుట్టినవని మేమనుట ఇందుకే.

నీట మునుగు బిడ్డ కేక వేయునని పలువురి భ్రమ. శ్వాసకే చాలని గొంతునకు కేక యెక్కడిది? చేతులు నీటిని నొక్కుచుండును గాని పైకెత్తి పిలువవు. ఒకటి రెండు నిమిషములలో, చప్పుడు లేకయే, పని ముగియును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్కప్రకారము 2021లో లోకమందంతటను నీటమునిగి చనిపోయినవారు సుమారు 3,00,000 మంది. వారిలో రమారమి నాలుగవవంతు అయిదేండ్లలోపు శిశువులు. మోకాటిలోతు నీరు శిశువునకు లోతే. వెనుకకు మరలు అల పాదములక్రింది యిసుకను లాగికొని పోవగా పెద్దవారే తూలుదురు; మూడేండ్ల బిడ్డ మాట చెప్పనేల?

మఱియొక సంగతి పెద్దపిల్లలు తెలిసికొనవలయును. అలలు ఒడ్డునకు తెచ్చిన నీరు ఎచ్చటనో యొకచోట మరలిపోవలయును. అది యొక్కొక్కప్పుడు ఇరుకైన పాయగా కూడి, వేగముగా లోనికి లాగును. అచ్చట అలలు విరుగవు. చూచుటకు మిగిలినచోట్లకంటె నెమ్మదిగా కనబడును. కావుననే తెలియనివారు ఆ చోటనే దిగుదురు. అందు చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీది అలసిపోరాదు. ఒడ్డునకు సమముగా ప్రక్కకు ఈది పాయ దాటినవెనుక ఒడ్డు పట్టవలయును. ఈత రానివాడు తేలియుండి చేయి యెత్తి పిలువవలయును. నది సముద్రమున గలియు మొగకడ ఆటువేళ నదినీరును తోడై లాగును గనుక అచ్చట స్నానమే వలదు.

ఆస్ట్రేలియా దేశమున సముద్రతీరములందు ఎఱుపు పసుపు రంగుల జెండాలు పాతి, వాని నడుమనే స్నానము చేయవలయునని నియమము పెట్టి, ఈతలో ఆరితేరినవారు కావలి యుందురు. మన తీరమున అట్టి కావలి అన్నిచోట్ల, అన్నివేళల నుండదు. కావున ప్రతి కుటుంబమును తన కావలిని తానే యేర్పఱచుకొనవలయును. మా సలహా యిది. ఒడ్డున పిల్లలున్నంతసేపు పెద్దలలో ఒకరు, పేరుపెట్టి నియమింపబడినవారు, కావలి యుండవలయును. వారి చేతిలో పుస్తకముగాని సెల్‌ఫోనుగాని ఉండరాదు. వారితో నెవరును ముచ్చటలు పెట్టరాదు. అరగంటకొకమారు కావలి మాఱవలయును. మాఱునప్పుడు "ఇక నీవంతు" అని నోటితో చెప్పి, పిల్లలను లెక్కించి అప్పగింపవలయును. అయిదేండ్లలోపు బిడ్డకు చేయి చాచిన అందునంత దూరమున ఒకరుండవలయును. ఏచోట దిగవచ్చునో ఏవేళ దిగరాదో ఆ యూరి వేటగాండ్రనడిగి, వారి మాట దాటరాదు. చీకటిలో దిగరాదు.

అయితే కావలికి మనుష్యులెక్కడివారు? వంటయింటినుండి రావలయును. అనగా విందు తగ్గవలయును. ఒక కూర, ఒక పచ్చడి, మజ్జిగ చాలును. బియ్యము, పప్పు, కూరగాయలు, త్రాగునీరు మనమే తీసికొనిపోవలయును. నీళ్లు మోయుట పురుషుల వంతు. గిన్నెలు కడుగుట పెద్దపిల్లల వంతు. ఇట్లు చేసినచో ఇరుగుపొరుగువారు అతిథిచేత నీళ్లు మోయించిరని ఇంటివారిని నిందింతురని కొందఱందురు. ఇంటివారు నొచ్చుకొందురనియు అందురు. ఈ యాక్షేపణ తేలికైనది గాదు. పెట్టుటలో మనవారికి గల సంతోషము నిజమైనది. దానిని త్రోసివేయుట మొఱటుతనమే.

కాని బేతనియలోని గృహమును తలంచుడు. ప్రభువు అతిథిగా వచ్చినప్పుడు మార్త పెక్కు పనులచే కలవరపడెను. ఆయన ఆమె ప్రేమను త్రోసివేయలేదు. ఆమె తనపై వేసికొన్న అధిక భారమునే మందలించెను. అచ్చట ఆ మాట పలికినవాడు అతిథియే యని గమనింపుడు. ఇల్లాలు తనంతట తాను విందు తగ్గింపజాలదు. తగ్గింపుమని ముందుగా, ప్రేమతో చెప్పుట అతిథియొక్క విధి. తిబెరియ సముద్రపు టొడ్డున పునరుత్థానుడైన ప్రభువు శిష్యులకు పెట్టిన భోజనమైనను ఏమి? నిప్పులమీది చేపలును రొట్టెయును. అందును, వారు పట్టిన చేపలలో కొన్ని తెమ్మని యడిగెను. అతిథులును తమ వంతు తెచ్చిన ఆ భోజనమునకు మర్యాద తక్కువైనదని ఎవరును అనలేదు. ఈ మాట క్రైస్తవ గృహములకే గాదు, అతిథిని ఆదరించు ప్రతి గృహమునకును వర్తించును.

ఇంత యపాయమున్నచోటికి పసివారిని తీసికొనిపోనేలయని వేఱుకొందఱందురు. వారితో మేమేకీభవింపము. మన డెల్టాలో నీటికి దూరముగా బిడ్డను పెంచుట ఎవరికి సాధ్యము? వీధి చివర కాలువ, పెరటి వెనుక బోదె, ఊరి నడుమ చెఱువు. సముద్రపుటొడ్డున కావలి నేర్చిన కుటుంబము ఇంటికడ కాలువరేవునను కావలి మఱువదు. నీటి గుణము తెలిసిన బిడ్డకు భయముండదు గాని భక్తి యుండును. తెలియమి యెంత కీడు చేయునో 2004 డిసెంబరు 26వ తేదీ చూపినది. క్రిస్మసు మఱునాడు, ఆదివారము, పున్నమ. తీరమునకు జనము వచ్చియుండిరి. సుమత్రా దీవి యొద్ద భూమి కంపించిన కొన్ని గంటలకే సునామీ మన తీరమును తాకెను. హిందూమహాసముద్రమునకు అప్పుడు హెచ్చరిక యేర్పాటు లేదు. 2007 నుండి హైదరాబాదులోని కేంద్రము అట్టి హెచ్చరికలిచ్చుచున్నది. తుపాను హెచ్చరికయున్న దినములలో, ముఖ్యముగా అక్టోబరు, నవంబరు నెలలలో, ప్రయాణమే మానుకొనవలయును. నీరు వేళగాని వేళ దూరముగా వెనుకకు తీసిన యెడల, చూడబోక మిట్టకు పరుగెత్తవలయునని ప్రతి బిడ్డయు ఎఱిగియుండవలయును.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీరు తీరమునకు పోయినయెడల ఒక పని చేయుడు. ఒక సాయంకాలము పొయ్యిపని మీరును మీ తండ్రులును చూచుకొని, ఆ యింటి యిల్లాలిని, "అత్తయ్యగారూ, ఈపూట మీరు ఒడ్డునకు రండు" అని పిలుచుకొనిపోయి, ఇసుకమీద కూర్చుండబెట్టుడు. ఆమెకు మాత్రము కావలివంతు వేయకుడు. తలిదండ్రులారా, బయలుదేఱుటకు ముందే మీ స్నేహితులకు రెండు మాటలు తెలియజేయుడు: మాకు ఒక కూర చాలును, మా పిల్లలను మేము చూచుకొందుము. మొదటి మాట నిలుపుకొన్నగాని రెండవది నిలుపుకొనజాలరు.