బల్లమీద కూర్చున్న పిల్లలు

వర్షములు వెనుకకు తగ్గి ఆజాద్ మైదానమున నేల ఆరుటతోడనే మన నగరమున పాఠశాలల పోటీల కాలము ఆరంభమగును. పదునాలుగేండ్లలోపు బాలురకు గైల్స్ షీల్డు, పదునారేండ్లలోపు వారికి హారిస్ షీల్డు అను క్రికెట్టు పోటీలు నూరేండ్లకు పైబడి జరుగుచున్నవి. అవి గాక కబడ్డీ, ఖోఖో, ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలు, కొన్ని బడులలో సాఫ్ట్‌బాలు కూడ కలవు. జట్టు జాబితా బడి గోడపై అంటించిననాడు ఫాక్‌లాండ్ రోడ్డు గల్లీలలో పేరు వచ్చిన పిల్లవాని ఇంట పండుగయే. బూట్లు కొందురు; రైలు పాసు తీయుదురు; సాయంకాలపు ట్యూషను మానిపింతురు. నెల తిరుగునప్పటికి ఆ పిల్లవాడు ఆడుట లేదని తెలియును. జట్టుతో పోవుచున్నాడు, నీళ్ళ సీసాలు అందించుచున్నాడు, బంతులు ఏరుచున్నాడు, బల్లమీద కూర్చుండి తిరిగి వచ్చుచున్నాడు. ఈ వారము మేము వ్రాయదలచినది ఆ పిల్లవానిని గూర్చియే.

ఇట్టి సందర్భమున మన ఇండ్లలో జరుగునది ఏమి? కొందరు తండ్రులు, "ఆడనీయని చోటికి పోనేల? పుస్తకము పట్టుము" అని బూట్లు అటకపై పెట్టింతురు. కొందరు మైదానమునకే పోయి, కంచెకు ఇవతలనుండి శిక్షకునితో వాదులాటకు దిగుదురు. అటుపిమ్మట ఆ పిల్లవాడు తోటివారిలో తలయెత్తుకొనలేడు. మరికొందరు పైకి అనరు గాని, నల్లా దగ్గర, మెట్ల దగ్గర చెప్పుకొందురు: "మనము తెలుగువారము గదా, మనవానిని ఎవరు ఆడనిత్తురు?" ఈ మూడవ మాటను గూర్చి ముందుగా చెప్పవలసియున్నది. ఏలయనగా అది అన్నిటికంటె తేలికగా పుట్టును, అన్నిటికంటె ఆలస్యముగా చచ్చును.

కామాఠీలు ఈ నగరమున మేడలు కట్టిన కాలమునుండియు, పద్మశాలీలు మిల్లులలో మగ్గములు నడిపిన కాలమునుండియు మనకు ఎన్నడును పక్షపాతము ఎదురు కాలేదని మేము అనజాలము. పేట పేరు చెప్పుటకు జంకి, "గ్రాంట్ రోడ్డు దగ్గర" అని తప్పించుకొను పిల్లలు మనలో నేటికిని కలరు. ఒక శిక్షకుడు భాషనుబట్టియో పేటనుబట్టియో పిల్లలను వేరుచేయుట నిజమైనచో, దానిని తేదీలతో వ్రాసి ప్రధానోపాధ్యాయుని ముందు పెట్టవలెను. అందుకు సంఘము తోడుండవలెను. కాని ఋజువు లేకుండ ఆ మాటను పండ్రెండేండ్ల బిడ్డ చెవిలో వేయుట వేరు. ఆనాటినుండి వాడు ఏ తప్పును దిద్దుకొనడు. క్యాచి జారినను భాషయే కారణమనును. పరుగున వెనుకబడినను పేటయే కారణమనును. నిజముగ అన్యాయము జరిగిననాడు వాని మాటను ఎవరును నమ్మరు.

వేచియుండుటను గూర్చి ముంబయిలో మాటాడువారెల్లరు ఒక కథ చెప్పుదురు. 1988 ఫిబ్రవరిలో ఆజాద్ మైదానమున హారిస్ షీల్డు సెమీఫైనలు జరిగెను. శారదాశ్రమ విద్యామందిర్ జట్టు 84 పరుగులకు రెండు వికెట్లు పోగొట్టుకొన్నది. అప్పుడు కలిసిన సచిన్ టెండూల్కర్, వినోద్ కాంబ్లీ విడిపోకుండ 664 పరుగులు చేసిరి. కాంబ్లీవి 349, టెండూల్కర్‌వి 326. ఆ ఇద్దరిని లోకమెల్ల ఎరుగును. వారి తరువాత దిగవలసిన బాలుడు అమోల్ మజుందార్. అతడు ప్యాడ్లు కట్టుకొని కూర్చుండెను. జట్టు 748 పరుగులవద్ద చాలించువరకు అట్లే కూర్చుండెను. తరువాత 1993-94లో రంజీ ట్రోఫీ తొలి ఆటలోనే హర్యానాపై 260 పరుగులు చేసెను. ఫస్ట్‌క్లాస్ తొలి ఆటలో అంతటి స్కోరు అప్పటివరకు ప్రపంచమున ఎవరును చేసియుండలేదు. 2006-07లో ముంబయికి నాయకుడై రంజీ గెలిచెను. చివరి సంవత్సరములలో మన ఆంధ్ర జట్టు పక్షమునను ఆడెను. మొత్తము 11,167 ఫస్ట్‌క్లాస్ పరుగులు. భారతదేశము పక్షమున మాత్రము ఒక్క ఆటయు ఆడలేదు.

ఓపిక పట్టినవానికి ఫలము దక్కునని చెప్పుటకు ఈ కథను వాడుదురు. మాకు అట్లు తోచదు. ఓపికకు ఫలము నిశ్చయమైనచో అతనికి భారతదేశపు టోపీ దక్కియుండవలెను గదా! మాకు ఇందు కనబడునది మరియొకటి. ఆ బాలుడు కూర్చున్నది తన వంతుకై. ఆనాడు వంతు రాలేదు గాని, వంతు అనునది ఒకటి ఉన్నది. తరువాత దిగవలసినది తానేయని అతనికి తెలియును, శిక్షకుడు రమాకాంత్ ఆచ్రేకర్‌కును తెలియును. ఆచ్రేకర్ వలలలోని అభ్యాసముకంటె ఆటలకే ఎక్కువ విలువ ఇచ్చినవాడు. ఒక మైదానమున ఆట ముగియగానే టెండూల్కర్‌ను స్కూటరుపై ఎక్కించుకొని మరియొక మైదానమునకు తీసికొనిపోయినవాడు. వంతుకై కూర్చుండుట ఒకటి, లెక్క నిండుటకై కూర్చుండుట మరియొకటి. రెండును ఒకే బల్లమీద జరుగును గనుక చూచువారికి భేదము తెలియదు. తల్లిదండ్రులు చేయవలసిన మొదటిపని తమ బిడ్డ ఈ రెంటిలో దేనిలో ఉన్నాడో తెలిసికొనుట.

(రికార్డులను గూర్చి ఒక మాట. 2016 జనవరిలో కల్యాణులో పాఠశాలల పోటీలో ప్రణవ్ ధనావడే అను బాలుడు 1009 పరుగులు చేసి అజేయుడుగ నిలిచెను. జట్టు స్కోరు మూడు వికెట్లకు 1465. పత్రికలన్నియు వేయి పరుగులను కొనియాడినవి. ఆ జట్టులో బ్యాటు పట్టకయే ఉండిపోయిన ఆరుగురు పిల్లలను గూర్చి అడిగినవారు అరుదు.)

మన పద్మశాలీ ఇండ్లలో పిల్లలను ఒక్కసారిగ మగ్గముమీద కూర్చుండబెట్టెడివారు కారు. మొదట కండెలు చుట్టించెడివారు. తాపీపనిలోను అంతే; సున్నము మోసినవాడు కొన్నాళ్ళకు లోపలి గోడమీద తాపీ పట్టును. బయటి గోడ తరువాతి మాట. నేర్చుకొనువాడు వెనుక ఉండుట మనకు కొత్త గాదు, అవమానమును గాదు. కాని కండె చుట్టిన బిడ్డ పని చీరెలో చేరెడిది. ఎంత చుట్టెనో సాయంకాలమునకు తెలిసెడిది. బల్లమీద కూర్చున్న బిడ్డ పని దేనిలో చేరుచున్నది? ఈ ప్రశ్నకు శిక్షకునివద్ద సమాధానము ఉండవలెను.

ఆట నియమములు అడ్డువచ్చుచున్నవని కొందరు ఉపాధ్యాయులు చెప్పుదురు. క్రికెట్టు విషయమున అది కొంత నిజము. పన్నెండవవాడు ఫీల్డింగు చేయవచ్చును గాని బ్యాటు పట్టరాదు, బంతి వేయరాదు. కాని మన పొరుగుననే ఉన్న నాగ్‌పాడాను చూడుడు. 1927లో క్లిఫర్డ్ మాన్‌షార్డ్ అను అమెరికను మిషనరీ నైబర్‌హుడ్ హౌస్ స్థాపించిన ఆ పేట బాస్కెట్‌బాలుకు పేరుపడ్డది. ఆ ఆటలో అయిదుగురే లోపల ఉందురు గాని, బయటివారిని ఎన్నిసార్లయినను లోనికి పంపవచ్చును. కబడ్డీలో ఏడుగురు ఆడుదురు, మార్చుటకు వీలు కలదు. సాఫ్ట్‌బాలులోనైతే మొదట ఆడి బయటికి వచ్చినవారు ఒకసారి మరల లోనికి పోవచ్చును. ఇట్టి ఆటలలో గూడ బిడ్డ ఋతువంతయు బల్లమీదనే ఉన్నచో అడ్డము వచ్చినది నియమము కాదు, ఓడిపోదుమేమో అను భయము.

ఆ భయమును ఇతర దేశములు ఎట్లు ఎదుర్కొన్నవో తెలిసికొనదగును. అమెరికాలో బాలుర బేస్‌బాలును, బాలికల సాఫ్ట్‌బాలును నడుపు లిటిల్ లీగ్ అను సంస్థ, జట్టులోని ప్రతి బిడ్డ ప్రతి ఆటలోను కొంతసేపు ఫీల్డింగు చేయవలెననియు, ఒక్కసారియైనను బ్యాటు పట్టవలెననియు నియమము పెట్టినది. ఆ నియమము మీరిన శిక్షకుడు సంజాయిషీ చెప్పుకొనవలెను. నార్వే దేశపు క్రీడాసమాఖ్య 1987లోనే పిల్లల క్రీడలకు ప్రత్యేక నిబంధనలు చేసి, పదునొకండేండ్ల లోపువారి పోటీలకు ఫలితముల పట్టికలు ఉండరాదన్నది. అంత చిన్న దేశము శీతకాలపు ఒలింపిక్సులో తెచ్చుకొను పతకములను చూచినచో, ఈ మెత్తదనమువలన వారు చెడిపోయిరని ఎవరును అనజాలరు. మన దేశముననే రాహుల్ ద్రావిడ్ భారత-ఎ జట్టుకును, పందొమ్మిదేండ్లలోపు వారికిని శిక్షకుడై యున్నప్పుడు, తనతో పర్యటనకు వచ్చినవాడెవడును ఆడకుండ తిరిగిపోడని ముందుగనే మాట ఇచ్చెడివాడు. పర్యటనకు పోయి ఆడక తిరిగివచ్చుట ఎంత బాధయో తానును ఎరుగుదునని 2021లో ఆయనయే చెప్పెను. దేశపు జట్టు అంచున నిలిచినవారికే అట్టి మాట ఇవ్వగలిగినచో, పదునాలుగేండ్లలోపు బడిపిల్లలకు ఇవ్వలేమా?

పదునారేండ్లవారి విషయమున మేము అంతదూరము పోము. ఆ వయస్సున గెలుపు కూడ ఆటలో భాగమే. ఎక్కువ నేర్చినవాడు ఎక్కువసేపు ఆడుట న్యాయమే. అచ్చట బిడ్డకు రావలసినది నిమిషములు కావు, నిజము. "నీ ఎడమచేతి డ్రిబ్లింగు కుదరలేదు", "నీవు ఈ ఏడు అయిదవవానివి, వచ్చు ఏడు చూతము" అని చెప్పినచో బిడ్డ రెండుదినములు ఏడ్చి మూడవనాడు అభ్యాసమునకు పోవును. ఏమియు చెప్పక కూర్చుండబెట్టినవాడు ఏడ్వనుకూడ ఏడ్వడు, మెల్లగ మానుకొనును. ఈ మాట అడుగవలసినది తండ్రి కాదు, బిడ్డయే. అడుగవలసినది ఆటనాడు కాదు, మరునాడు అభ్యాసము ముగిసిన పిమ్మట, ఒంటరిగ. "నన్ను ఏల ఆడింపలేదు?" అనుటకంటె "నేను ఏమి నేర్వవలెను?" అనుట మేలు. మన పిల్లలకు ఇంట తెలుగు, బయట మరాఠీ, హిందీ, తరగతిలో ఇంగ్లీషు. పెద్దవారి ముందు ఏ భాషలో నోరు విప్పవలెనో తెలియక మౌనముగ ఉండిపోవుదురు. ఆ మౌనమును శిక్షకుడు ఆసక్తి లేమిగ భావించుటయు కలదు. ఇంట ఒకసారి ఆ ప్రశ్నను మరాఠీలో చెప్పించి చూచుకొనుడు.

పదవతరగతి పరీక్షలో క్రీడలకు అదనపు మార్కులు ఇచ్చు పద్ధతి ఈ రాష్ట్రమున కలదు గనుక, ఆడకున్నను జాబితాలో పేరుండిన చాలునను తల్లిదండ్రులును కలరు. వారితో మాకు వాదము లేదు. అయితే ఆ లెక్క బిడ్డకు ముందుగ చెప్పుడు.

ఆడపిల్లల సంగతి మరింత సున్నితము. మగపిల్లవానికి ఒక ఏడు గడువిచ్చు ఇంటివారే, కూతురు రెండుసార్లు ఆడకుండ తిరిగివచ్చిన "ఇక చాలునమ్మా" అందురు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన మహిళలు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్పు గెలిచినప్పుడు, కడప జిల్లాకు చెందిన శ్రీచరణి 14 వికెట్లతో ఆ పోటీ ముగించినదని మన గల్లీలలో టపాకాయలు కాల్చుట ఉచితమే. హైదరాబాదుకు చెందిన అరుంధతిరెడ్డి ఆ జట్టులోనే ఉండి ఒక్క ఆటయు ఆడలేదు. ఫైనలులో 87 పరుగులు చేసి రెండు వికెట్లు తీసిన షెఫాలీ వర్మ మొదటి జాబితాలోనే లేదు. ప్రతీకా రావల్ గాయపడగా సెమీఫైనలునకు పిలిపించిరి. ఆ జట్టు శిక్షకుడెవరు? 1988లో ప్యాడ్లు కట్టుకొని కూర్చున్న అమోల్ మజుందారే. ఆడనివారితో ఎట్లు మాటాడవలెనో అతనికి ఎవరును నేర్పనక్కరలేదు.

ఇక మనము చేయగలిగినది కొంత కలదు. దాదరులోని ఆంధ్రమహాసభ పేరులోనే పెద్దలు జింఖానా అను మాట చేర్చియుంచిరి. ఆట సంఘపు పనియేయని వారు ఆనాడే ఎరిగిరి. బడిజట్టులో ఆడనివారికి ఆదివారము ఉదయమున మనమే ఆటలు ఏర్పరచవచ్చును. ఇద్దరు అంపైర్లు, స్కోరు వ్రాయుటకు ఒకరు, రెండు బంతులు, రెండు గంటల కాలము కావలెను. అందు ఒకటే నియమము: వచ్చిన బిడ్డలందరును ఆడవలెను, ఎవరు ఎంతసేపు ఆడిరో పుస్తకమున వ్రాయవలెను. ఆదివారము సెలవుండు యువకులు, పూర్వము ఆడియుండి ఇప్పుడు మానినవారు, మా కార్యాలయమున పేరు ఇచ్చిన సంతసింతుము. స్కోరు పుస్తకము మేము కొందుము.