సిర్రోసిస్ ఉంటే లివర్ క్యాన్సర్‌కు రేడియేషన్ ఇవ్వరా?.. ముందు చూడాల్సింది ఆ స్కోరే!

విశాఖపట్నం: సిర్రోసిస్‌తో లివర్ అప్పటికే గట్టిపడిపోయింది. దానికి తోడు క్యాన్సర్ గడ్డ. ఆపరేషన్ కుదరదన్నారు. రేడియేషన్ ఇస్తే ఉన్న కాస్త లివర్ కూడా పోతుందని భయం. ఇక చేసేదేం లేదనుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. ఆ భయంలో ఒకప్పుడు నిజం ఉంది. ఇప్పుడు లెక్క మారింది.

అప్పుడేంటి.. ఇప్పుడేంటి?

లివర్ మొత్తానికి రేడియేషన్ ఇస్తే అది తట్టుకునేది సుమారు 30 గ్రే మాత్రమే. గడ్డ చావాలంటే అది చాలదు. అందుకే వచ్చింది ఎస్‌బీఆర్‌టీ.. అంటే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్. చాలా కోణాల నుంచి సన్నటి కిరణాలు పంపి, అవన్నీ గడ్డ దగ్గరే కలిసేలా చేస్తారు. వారాల తరబడి తిరగక్కర్లేదు, సాధారణంగా 3 నుంచి 5 సిట్టింగ్‌లు చాలు.

అసలు చిక్కు ఊపిరితో. శ్వాస తీసుకున్న ప్రతిసారీ లివర్ కిందకీ పైకీ కదులుతుంది. అందుకే 4డీ సీటీ స్కాన్ తీస్తారు. పొట్టను కాస్త నొక్కి ఉంచుతారు, లేదా ఊపిరి బిగబట్టమంటారు.

మరి ఫలితం?

ఆర్‌టీఓజీ 1112 అనే ట్రయల్‌లో 177 మంది ఫలితాలను పోల్చారు. సొరాఫెనిబ్ మాత్రలు మాత్రమే వాడినవారిలో మధ్యస్థ జీవితకాలం 12.3 నెలలు. ముందు ఎస్‌బీఆర్‌టీ ఇచ్చి తర్వాత మాత్రలు వాడినవారిలో 15.8 నెలలు. ఇది అద్భుతమేమీ కాదు, కానీ చిన్న విషయమూ కాదు. ఇంకో మాట.. సొరాఫెనిబ్ పాత మందు. ఇప్పుడు ఇమ్యునోథెరపీ ముందు వరుసలో ఉంది. కాబట్టి రెండింటి గురించీ అడగాలి.

అందరికీ కుదరదు

ఇక్కడే చైల్డ్-పగ్ స్కోర్ కీలకం. బిలిరుబిన్, అల్బుమిన్, రక్తం గడ్డకట్టే టైమ్, పొట్టలో నీరు, మతి తడబాటు.. ఈ ఐదూ చూసి మార్కులేస్తారు. 5, 6 వస్తే 'ఏ'. రేడియేషన్‌కు వీళ్లే బాగా సరిపోతారు. ఆ ట్రయల్‌లో ఉన్నదీ ఇలాంటివాళ్లే. 7 నుంచి 9 వస్తే 'బీ'. డోసు తగ్గించి, ఆచితూచి ఇస్తారు. 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే 'సీ'. వీళ్లకు రేడియేషన్‌తో మేలు కంటే కీడే ఎక్కువ కావొచ్చు. లివర్ మార్పిడి కుదురుతుందా అన్నదే అప్పుడు ప్రశ్న.

అంటే గడ్డ సైజు ఒక్కటే కాదు.. మిగిలిన లివర్ ఎంత పనిచేస్తోందన్నదీ చికిత్సను తేలుస్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ 'ఏ'లో ఉన్నవాళ్లు 'బీ'కి, 'సీ'కి జారిపోతారు.

విశాఖవాళ్లు ఏం చేయాలి?

అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది. ఎంవీపీ కాలనీలో మహాత్మాగాంధీ క్యాన్సర్ హాస్పిటల్ ఉంది. ఎక్కడికి వెళ్లినా ఈ మూడు అడగండి: నా చైల్డ్-పగ్ స్కోర్ ఎంత? నాకు ఎస్‌బీఆర్‌టీ పనికొస్తుందా? ఎన్టీఆర్ వైద్య సేవలో ఎంతవరకు కవర్ అవుతుంది?

సిర్రోసిస్ ఉన్నవాళ్లు ప్రతి 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించుకోవాలి. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు. గడ్డ చిన్నగా, లివర్ ఇంకా పనిచేస్తుండగా దొరికితేనే ఈ చికిత్సకు దారి ఉంటుంది.