ఫారం కోడి మేతకు మన పోడు, మన ఇంటి కోడికి మందు గింజ

జై ఆదివాసీ!  పోస్టు కొంచెం పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాం.

మేము భద్రాద్రి, ములుగు జిల్లాల గూడేల నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న హాస్టల్ పిల్లలం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కినవాళ్లలో మేమే మొదటివాళ్లం. ఈ మధ్య మా కాలేజీకి ఒక సారు వచ్చి పర్యావరణం మీద ఉపన్యాసం చెప్పారు. మాంసం కోసం పశువుల్ని పెంచడం వల్ల భూమి వేడెక్కుతోందని తెర మీద లెక్కలు చూపించారు. అంతవరకూ బాగానే ఉంది. చివర్లో మాత్రం, "అడవుల్లో ఉండేవాళ్లు మేకల్ని, పశువుల్ని మేపి అడవి పాడుచేస్తున్నారు, వాళ్ల తిండి అలవాట్లు మారాలి" అన్నారు. హాల్లో సగం మంది వెనక్కి తిరిగి మా బెంచీల దిక్కు చూశారు. మేము తల దించుకుని కూర్చున్నాం. బయటికొచ్చాక అందరికీ పాలు పోసిన చాయ్ ఇచ్చారు. తాగి హాస్టల్‌కి వచ్చేశాం.

ఆ రోజు నోరు పెగలలేదు. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నాం. ఇది ఆ సారు ఒక్కరికే కాదు, మనకు కూడా.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. సారు చూపించిన లెక్కలు అబద్ధం కాదు. మనుషుల వల్ల గాలిలో కలిసే వేడి వాయువుల్లో 14.5 శాతం పశుపోషణ నుంచే వస్తున్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో లెక్క కట్టింది. ప్రపంచంలోని సాగు భూమి, మేత భూమి కలిపి చూస్తే నాలుగింట మూడు వంతులు పశువులకే పోతోంది. అంత భూమి తీసుకుని మనిషి తిండికి అవి ఇచ్చే కేలరీలు ఐదో వంతు కూడా లేవు. బ్రెజిల్‌లో అమెజాన్ అడవి కొట్టేసిన చోట ఎక్కువ భాగం పశువుల బీళ్లే అయ్యాయి. అదే దేశంలో గ్వారానీ కైయోవా అనే ఆదివాసుల భూములు పశువుల ఎస్టేట్ల కిందికి, సోయా, చెరకు తోటల కిందికి పోయాయి. వాళ్లు రోడ్ల పక్కన గుడారాలేసుకుని తమ భూమి కోసం ఇప్పటికీ కొట్లాడుతున్నారు. సోయా గింజలు ఓడలెక్కి చైనాలో, యూరప్‌లో పందులకు, కోళ్లకు మేత అవుతున్నాయి. ఆ కథ చదివినప్పుడు మాకు పరాయి దేశం కథ అనిపించలేదు.

కాబట్టి ఖర్చు ఉంది, నిజం. అడగాల్సింది ఒక్కటే. ఆ ఖర్చు చేసేది ఎవరు, కట్టేది ఎవరు?

మన దేశంలో పశువుల నుంచి వచ్చే మీథేన్‌లో అత్యధికం ఆవులు, గేదెలదే. 2019 పశుగణనలో ఆవు జాతి 19 కోట్ల పైన, గేదెలు 11 కోట్లకు దగ్గర. ప్రపంచంలో పాలు ఎక్కువ ఉత్పత్తి చేసేది మన దేశమే. అంటే ఆ లెక్కలో నెయ్యి ఉంది, పెరుగు ఉంది, ఆ రోజు సారు తాగిన చాయ్ కూడా ఉంది. శాకాహారం అని చెప్పుకునేవాళ్ల పళ్లెం ఆ లెక్క బయట లేదు. మరి వేలు మాత్రం మా వైపే ఎందుకు చూపించారు?

మన గూడెంలో కోడి ఏం తింటుంది? చెదలు, పురుగులు, చేటలోంచి రాలిన నూకలు, దొడ్లో గడ్డి గింజలు. దానికోసం ఎవరూ ఒక్క సెంటు భూమి దున్నలేదు. అది తినే ప్రతిదీ మనిషి తినలేనిది, లేదా వదిలేసింది. పండక్కో, చుట్టం వస్తేనో, దేవత దగ్గర మొక్కుకో కోస్తాం. ఎద్దు దున్నుతుంది, పేడ చేనుకు పోతుంది. మేకలు ఎక్కువైతే లేత చెట్లకు నష్టమే, అది మన పెద్దలే చెప్తారు. అందుకే ఏ దిక్కు ఎప్పుడు మేపాలో ఊరికొక కట్టుబాటు ఉండేది. మన తప్పులు మనకు ఉన్నాయి. కానీ భూమిని వేడెక్కించే తప్పు ఈ పది కోళ్లది, నాలుగు మేకలది కాదు.

ఇప్పుడు ఫారం కోడి సంగతి చూద్దాం. 40 రోజుల్లో రెండు కిలోలు తూగే బ్రాయిలర్ కోడి మూడు కిలోల పైచిలుకు మేత తింటుంది. ఆ మేతలో సగం కంటే ఎక్కువ మక్కలు, మిగతాదాంట్లో పెద్ద వాటా సోయా పిండి. అంటే సుమారుగా కోడికి రెండు కిలోల మక్కలు. 2019 లెక్కలో దేశంలో 85 కోట్ల కోళ్లు, బాతులు ఉంటే, పెరట్లో పెరిగేవి 31 కోట్ల పైన. మిగతావన్నీ ఫారాలవి. బ్రాయిలర్ షెడ్డులో ఏడాదికి ఐదారు బ్యాచ్‌లు తిరుగుతాయి. వాటికి మక్కలు ఎక్కడ పండాలి?

అన్నలారా, మన పోడులో పండుతున్నాయి.

మా చిన్నతనంలో మా పోడు చేన్లలో జొన్న, సామ, కొర్ర, కంది, బొబ్బర్లు, గట్ల మీద గుమ్మడి, దోస కలిసి ఉండేవి. ఒకటి పోయినా ఇంకోటి చేతికొచ్చేది. ఇప్పుడు వానాకాలం మా ఊళ్లకు రండి. చేను చివరి నుంచి అడవి అంచు దాకా మక్కలు, లేకపోతే పత్తి. మక్క విత్తిన మూడో రోజుకల్లా అట్రజిన్ కొడతారు. ఆ మందు పడ్డాక వెడల్పాకు మొక్క బతకదు. తోటకూర పోతుంది, బొబ్బర పోతుంది, మా అమ్మలు గట్టు మీద తెంపుకొచ్చే ఆకుకూర పోతుంది. యూరప్ దేశాలు ఆ మందును ఇరవై ఏళ్ల కిందటే ఆపేశాయి. మన దగ్గర కిరాణా కొట్టు పక్కన దొరుకుతుంది. 2018 నుంచి కత్తెర పురుగు వచ్చింది. అప్పటి నుంచి మొక్క సుడిలో మందు పోయని ఏడు లేదు. వీపున పంపు కట్టుకుని, మూతికి గుడ్డ కూడా లేకుండా కొట్టేది మన అయ్యలే.

పంట చేతికొచ్చాక దళారి వస్తాడు. 2025-26కి మక్కల మద్దతు ధర క్వింటాకు 2,400 రూపాయలు. మా వాకిట్లో ఆ మాట ఏనాడూ వినిపించదు. తేమ అంటాడు, తాలు అంటాడు, విత్తనం అప్పు అంటాడు. అన్నీ కోసి చేతిలో పెడతాడు. అప్పు తీరకపోతే మరుసటేడు భూమి కౌలుకు అడుగుతాడు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి కౌలుకిచ్చినా 1/70 చట్టం ఒప్పుకోదు. అయినా ఎన్ని ఎకరాలు నోటి మాట మీద వాళ్ల చేతుల్లో ఉన్నాయో గ్రూపులో అందరికీ తెలుసు. 2023లో తెలంగాణలో సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలొచ్చాయి. ఏళ్ల తరబడి కేసులు, దెబ్బలు తిని తెచ్చుకున్న పట్టా అది. ఆ భూమి చివరికి ఎక్కడో మైదానంలోని కోళ్ల షెడ్డుకు మేత గిన్నె కావడానికా?

ఇక మందు గింజ సంగతి. భూమి పండుగ రోజు విత్తనాలు దేవత ముందు పెట్టి, కోడిని కోసి, ఆ విత్తనం ఇంటింటికీ పంచుకుని చల్లడం మన ఆచారం. ఇప్పుడు ఇంట్లో విత్తనం లేదు. సంచిలో వస్తుంది, మందు పట్టించి ఎర్రగా ఉంటుంది. రెండేళ్ల కింద మాలో ఒకరి ఇంట్లో విత్తే రోజు చినిగిన సంచిలోంచి గింజలు వాకిట్లో పడ్డాయి. ఇంటి కోళ్లు ఏరుకుని తిన్నాయి. రెండు రోజుల్లో నాలుగు చచ్చాయి. అందులో పిల్లలు చేసిన పెట్ట ఒకటి. ఆ పిల్లల్ని గద్ద ఎత్తుకుపోయింది. ఆ అమ్మ చచ్చిన కోళ్లను గుంత తీసి పూడ్చింది. కుక్క తింటే కుక్క కూడా పోతుందని. ఆ కోళ్ల డబ్బుతోనే ఆ ఏడు పరీక్ష ఫీజు కడదాం అనుకున్నారు.

ఆలోచించండి. ఫారం కోడికి మేత పండించే విత్తనం మన ఇంటి కోడిని చంపింది. తర్వాత మనం సంతకు పోయి అదే ఫారం కోడిని కిలో లెక్కన కొనుక్కుని తిన్నాం.

షెడ్డులో పని చేసేది ఎవరో కూడా చెప్పుకోవాలి. మా ఊరి జంట ఒకటి మైదానంలో ఫారానికి పోయింది. షెడ్డు పక్కనే రేకుల గది. రాత్రీ పగలూ కోళ్లతోనే. అమ్మోనియా ఘాటుకు కళ్లు మండుతాయి, అన్నం గిన్నె మీద ఈగలు. వాళ్ల పాప రెండేళ్లు బడి మానేసింది. షెడ్డు యజమాని పెద్ద దొరేమీ కాదు, ఆయనా రైతే. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ ఆయనవి. కిలోకి ఇంత అని కూలి ఇస్తారు. లాభం పైకి పోతుంది, కంపు కింద ఉంటుంది.

2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు గుర్తుందా? చికెన్ ధర పడిపోయింది. యాసంగి మక్కలు కోతకొచ్చే ముందు మా ఊళ్లో దళారి అన్న మాట, "కోళ్లే పోతుంటే మీ మక్కలు ఎవడు కొంటాడు?" ఎక్కడో కోడి తుమ్మితే మన ఇంట్లో పొయ్యి ఆరిపోయేంతగా కట్టేసుకున్నాం.

ఇక్కడ కొందరు అంటారు: "మక్కలు అమ్మే కదరా మీకు సెల్లులు కొనిచ్చింది, ఫీజులు కట్టింది?" అవును. మా ట్రంకు పెట్టె, మా పుస్తకాలు, ఈ పోస్టు రాస్తున్న ఫోను మక్కల డబ్బే. అందుకే మా అయ్యల్ని తప్పు పట్టడం లేదు. సామలు పండిస్తే కొనేవాడు లేడు, మక్కలకైతే వాకిట్లోకి లారీ వస్తుంది. వాళ్లు చేసింది బతకడం. కానీ డిగ్రీ దాకా వచ్చిన మనం కూడా దాన్ని అభివృద్ధి అని పిలిస్తే అది తప్పు. హైబ్రిడ్ సంచి పట్టుకుని ఫోటో దిగి స్టేటస్ పెట్టేది మనమే. సంకటి, సామన్నం పేదోళ్ల తిండి అని చెల్లెళ్ల ముందు ఎగతాళి చేసేది మనమే.

ఇంకో మాట గట్టిగా చెప్తున్నాం. ఈ పోస్టు చూపించి అంగన్‌వాడీలో గుడ్డు తీసేద్దాం, హాస్టల్లో చికెన్ ఆపేద్దాం అని ఎవరన్నా వస్తే వాళ్లు మన వైపు కాదు. రక్తం తక్కువున్న పిల్లలు మన గూడేల్లో ఎంతమందో మనకు తెలుసు. ఆ గుడ్డు వాళ్ల హక్కు. మేము అడిగేది గుడ్డు వద్దని కాదు, ఆ గుడ్డు మన ఊరి నుంచి ఎందుకు రాదని.

అందుకే ఈ ఏడాది కోసం నాలుగు పనులు అనుకున్నాం.

ఒకటి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరం మన పోడులో కనీసం అరెకరం పాత పంటలకు వదలమని ఇంట్లో ఒప్పించాలి. విత్తనం ఏ ముసలమ్మ దగ్గర మిగిలిందో వెతికి తేవాలి. అరెకరం పోతే అప్పు తీరదు అంటారు. ఆ అరెకరంలో కలుపు మనమే తీద్దాం.

రెండు. ఎండాకాలం ముందు కొక్కెర తెగులు వచ్చి ఊళ్లకు ఊళ్లు కోళ్లు పోతాయి. దానికి టీకా ఉంది, చుక్కల మందు. పశువుల డాక్టరు దగ్గరికి గుంపుగా పోయి, మన గూడేనికి తేదీ వేయించాలి. వాళ్లు రాకపోతే మళ్లీ పోవాలి.

మూడు. మన హాస్టళ్లకు సరుకులిచ్చేది జీసీసీ. ఇప్పపువ్వు, తేనె, బంక కొనేదీ జీసీసీయే. అదే సంస్థ మన దగ్గర సామలు, కొర్రలు, బొబ్బర్లు కొని మన హాస్టల్‌కే ఎందుకు వెయ్యకూడదు? మహిళా సంఘాల దగ్గర నాటు గుడ్లు వారానికి ఒకసారి అన్నా ఎందుకు కొనకూడదు? ఐటీడీఏ పీవో గారికి ఇవ్వడానికి అర్జీ రాస్తున్నాం. సంతకాలు కావాలి.

నాలుగు. గ్రామసభలో కౌలు సంగతి ఎత్తాలి. 1996 పెసా చట్టం గ్రామసభకు అధికారం ఇచ్చింది. మనం నోరు తెరవకపోతే ఆ చట్టం కాగితమే.

మళ్లీ ఎవరన్నా హాల్లో నిలబడి అడవి బిడ్డలు తిండి మార్చుకోవాలి అంటే, ఈసారి తల దించం. లేచి నిలబడి అడుగుతాం: సారూ, మా తిండి ఎప్పుడో మార్చేశారు. మా సామల చేను మీ కోడి మేతగా మార్చింది ఎవరు?

మీ గూడెంలో ఎన్ని ఇళ్లల్లో ఇంకా సామ విత్తనం ఉందో, ఎన్ని ఎకరాలు మక్కల కిందికి పోయాయో కింద రాయండి. ఊరి పేరు రాయండి చాలు. అర్జీకి ఆ లెక్క జతచేస్తాం.

జై ఆదివాసీ!