వట్టిపోయిన చూడి పశువును ఎండకు వదలవద్దు

పాడి పశువు కోసం ఋణం తీసుకున్న కుటుంబాలలో వేసవి రాగానే ఒక ఏర్పాటు దానంతట అదే జరిగిపోతుంది. పాలిచ్చే ఆవును పాకలో నీడన కట్టివేస్తారు. పచ్చిమేత, దాణా, కుడితి దాని ముందే పెడతారు. నిండు చూలుతో ఉండి పాలు ఎండగట్టిన ఆవును మాత్రం బీడుకు తోలుతారు, లేదా పాక వెలుపల గుంజకు కట్టివేస్తారు. "ఇప్పుడది పాలివ్వడం లేదు కదా" అంటారు. వినడానికి ఇది సరైన లెక్కగానే ఉన్నది. కాని పాడి ఋణగ్రహీత చేసే పొరపాట్లలో ఇంతకన్న ఖరీదైనది అరుదని నా అభిప్రాయం.

ఆవు చూడికాలం సుమారు 280 రోజులు, గేదెది సుమారు 310 రోజులు. ఈనడానికి 60 రోజుల ముందు పాలు పితకడం ఆపాలని పశువైద్యులు చెబుతారు. దీనిని మనం ఖాళీ కాలమని తలుస్తాము. నిజానికి పశువు శరీరం విశ్రాంతి లేకుండా పనిచేసే కాలమిది. పొదుగులో పాత కణాలు తొలగి, రాబోయే ఈతలో పాలను తయారుచేసే కొత్త కణాలు వృద్ధి చెందుతాయి. కడుపులోని దూడ బరువులో సగానికి మించి ఈ చివరి రెండు నెలలలోనే చేరుతుంది. ఈ దశలో ఎండ తీవ్రమైతే పశువు మేత తగ్గించి రొప్పుతుంది. మాయ ద్వారా దూడకు అందే రక్తమూ పోషకాలూ తగ్గుతాయి. పొదుగులో కొత్త కణాల వృద్ధి కుంటుపడుతుంది.

అమెరికాలో ఉక్కపోతకు పేరుపడిన ఫ్లోరిడా రాష్ట్రపు విశ్వవిద్యాలయంలో ఈ విషయమై అనేక సంవత్సరాలు ప్రయోగాలు జరిగాయి. వట్టిపోయిన చూడి ఆవులలో ఒక బృందానికి నీడ మాత్రమే కల్పించారు. రెండవ బృందానికి నీడతోపాటు పంకాలు, నీటిజల్లు అమర్చారు. ఈనిన తరువాత రెండు బృందాలనూ ఒకే విధంగా చల్లగా ఉంచారు. అయినా ముందు నుంచి చల్లగా ఉన్న ఆవులు రోజుకు సుమారు 4 నుంచి 5 కిలోల పాలు అధికంగా ఇచ్చాయి. వేడికి గురైన ఆవుల దూడలు కొన్ని రోజులు ముందుగా, తక్కువ బరువుతో పుట్టాయి. జున్నుపాలలోని రక్షణ పదార్థాలను గ్రహించే శక్తి వాటికి తగ్గింది. ఆ పెయ్యలు పెరిగి ఈనినప్పుడు తొలిచూలు పాలు కూడా తగ్గాయి. 2020లో వెలువడిన పరిశీలనలో ఈ నష్టం మనుమరాలి తరం దాకా కనిపించింది.

అవి అధిక పాలిచ్చే హోల్‌స్టీన్ ఆవులు. ఆ అంకెలను మన పశువులకు యథాతథంగా అన్వయించడం తగదు. కావున చిన్న లెక్కే వేద్దాము. రోజుకు ఒక్క లీటరు తగ్గిందనుకున్నా, 300 రోజుల ఈతలో 300 లీటర్లు. లీటరు 35 రూపాయల చొప్పున 10,500 రూపాయలు. ఇందులో దూడ నష్టం కలపలేదు. ఈ మొత్తాన్ని ఒక తాటాకు పందిరి ఖర్చుతో పోల్చి చూడండి.

"మన తాతల నాడు పంకాలున్నవా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. ఒంగోలు, పుంగనూరు వంటి మన జాతులు ఎండను బాగా తట్టుకుంటాయి, నిజమే. కాని నేడు ఋణంపై ఎక్కువగా కొంటున్నవి జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులు, ముర్రా గేదెలు. గేదెకు నల్లని చర్మం, తక్కువ స్వేదగ్రంథులు. నీడ, నీరు లేనిదే దానికి వేసవి గడవదు.

చేయవలసినది ముందుగా లెక్క కట్టడం. జూలై మధ్య నుంచి ఆగస్టు ఆఖరు వరకు చూలు కట్టిన ఆవు మరుసటి ఏడు ఏప్రిల్ మూడవ వారం నుంచి జూన్ మొదటి వారం లోపల ఈనుతుంది. అంటే దాని చివరి రెండు నెలలు నడివేసవిలోనే. గర్భోత్పత్తి తేదీ గోడమీద వ్రాసి ఉంచుకుంటే, పందిరి ఎప్పటికి సిద్ధం కావాలో తెలుస్తుంది. పాక ఎత్తుగా, తూర్పు పడమరల పొడవుగా ఉండాలి. కప్పుపై తాటాకు లేదా వరిగడ్డి పరచాలి. చల్లని నీరు రేయింబవళ్లు అందుబాటులో ఉండాలి. మేత తెల్లవారుజామున, చల్లపొద్దున వేయాలి. రాయలసీమ పొడి ఎండలో తడిపిన గోనెపట్టాలు మేలు చేస్తాయి. కోస్తా ఉక్కలో మాత్రం గాలి ఆడని పాకలో నీరు చల్లితే ఉక్క మరింత పెరుగుతుంది. అక్కడ ముందు గాలి, తరువాతనే నీరు. దూడ పుట్టిన గంట రెండు గంటలలో జున్నుపాలు త్రాగించడం ఎన్నడూ మరువరాదు.

పశువుల డీలర్లకు ఒక మనవి. నిండు చూడి పశువులను మే నెల మధ్యాహ్నం లారీలో నిలబెట్టి తరలించడం కొన్నవారికి నష్టం, మీ మాటకు చేటు. రాత్రివేళ తరలించండి, దారిలో నీరు పట్టండి. దాణా డీలర్లు కూడా పాల పశువుకే కాక చూడి పశువుకూ దాణా, ఖనిజలవణ మిశ్రమం అవసరమని చెప్పాలి.

బ్యాంకులకూ బాధ్యత ఉన్నది. 2019లో కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయం పశుపోషణకు విస్తరించిన తరువాత మేత, వైద్యం వంటి ఖర్చులకు ఋణం పొందే వీలు కలిగింది. పశువు ధరతోపాటు పాక, నీటి తొట్టి కూడా అంచనాలో చేరాలి. నీడ లేని చోట పశువుకు మాత్రమే ఋణమివ్వడం, బావి త్రవ్వకుండా మోటారు కొనిపెట్టడం వంటిది.

పాలిచ్చే ఆవు నేటి వాయిదాను తీరుస్తుంది. రేపటి వాయిదా వట్టిపోయిన ఆవు కడుపులోను, పొదుగులోను తయారవుతున్నది. రోహిణి కార్తె రాకముందే ఆ ఆవును కూడా నీడకు తెచ్చి కట్టండి.